జాకెట్లు అక్కర్లేదన్నాను

తుఫాను తీరం దాటిన రెండో రోజు మధ్యాహ్నం మూడింటికి మా ఆర్మీ దళం విశాఖపట్నంలో దిగింది. డిసెంబరు నెల. సన్నగా వాన. పోర్టులో క్రేన్లు కదలడం లేదు. మాది గాజువాక. పదహారేళ్ళ సర్వీసులో సొంత ఊళ్ళో డ్యూటీ పడటం అదొక్కసారే. ఇంటికి మూడు కిలోమీటర్ల దూరంలో ఒక స్కూల్లో బస. ఇంటికెళ్ళడానికి అనుమతి లేదు.

నాది సిగ్నల్స్. వైర్‌లెస్ సెట్లు నా పని.

ఐదున్నరకి ఆర్డరొచ్చింది. కొండ మీద అనంతగిరి అవతల ఫోన్లు పోయాయి. ఘాట్ రోడ్డు మీద చెట్లు పడ్డాయి, జీపులు వెళ్ళవు. నాలుగు బైకులు, నలుగురు మనుషులు, రెండు సెట్లు. పొద్దున్న ఆరింటికి బయల్దేరాలి. పదకొండుకల్లా పైనుంచి మాట్లాడాలి.

హవల్దారు హిమాచల్ మనిషి. సామాను చూస్తూ హిందీలో అడిగాడు. "జాకెట్లు కట్టమంటావా?"

"వైజాగ్‌లో చలేంటి సార్? ఉక్కపోత తప్ప. ఆ బరువుకి బ్యాటరీలు పెట్టుకుందాం."

"ఊరు నీది. నువ్వెలా అంటే అలా."

జాకెట్లు స్కూలు బెంచీ మీద ఉండిపోయాయి. నిజానికి చలికాలంలో నేనెప్పుడూ ఆ కొండ ఎక్కలేదు. ఆ సంగతి చెప్పలేదు.

సింహాచలం, పెందుర్తి, కొత్తవలస. వాన పెరగలేదు, ఆగలేదు. ముందు హవల్దారు. తర్వాత నేను. నా వెనక మెకానిక్. చివర నర్సింగ్ అసిస్టెంట్, మందుల సంచితో. ఒంటి మీద నూలు యూనిఫాం, బనియను, రెయిన్‌కోటు. ఎస్.కోట దాటాక సెట్లకి కట్టిన టార్పాలిన్ చిరిగింది. రెండు రెయిన్‌కోట్లు విప్పి వాటికి చుట్టాం. ఒకటి నాది, ఒకటి మెకానిక్‌ది. తడిస్తే సెట్టు పోతుంది, మనిషైతే ఆరతాడు అనుకున్నాం.

ఎనిమిదీ ఇరవైకి ఘాట్ మొదలైంది. పడిన చెట్ల కిందనుంచి బైకులు వంచి లాగాం. లాగినంతసేపు వేడి. ఎక్కి కూర్చుంటే గాలి తడిచొక్కాలోంచి ఎముకల్లోకి దిగేది. మబ్బు రోడ్డు మీదికి వచ్చేసింది. ముందు బైకు ఎర్రలైటు తప్ప ఏమీ కనబడటం లేదు. నా పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

మెకానిక్‌ది పలాస. వెనకనుంచి అరిచాడు. "బావా, సలేత్తందా?"

"లేదు. నీకో?"

"నాకూ లేదు."

ఇద్దరివీ అబద్ధాలే.

తొమ్మిదీ నలభైకి ఇంకో చెట్టు. ముగ్గురం దిగాం. మెకానిక్ దిగలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. వణకడం లేదు.

"దిగు. ఏటి సేత్తన్నావ్?"

"ఉక్కగుంది బావా. సొక్కా ఇప్పేత్తాను."

హవల్దారుకి తెలుగు రాదు. ఏమన్నాడని అడిగాడు. ఉక్కగా ఉందంటున్నాడని చెప్పాను. హవల్దారు ముఖం మారిపోయింది. మంచుకొండల్లో ఆ మాట అతను ముందొకసారి విన్నాడు. "వణుకు ఆగిందంటే మనిషి చెయ్యిదాటిపోతున్నాడు. ఎత్తండి."

మలుపు పక్కన పెంకుటిల్లు, కప్పులోంచి పొగ. మోసుకెళ్ళాం. ఇంటామె ఎవరు, ఏమిటని అడగలేదు. "తడిబట్టలిప్పీండి ముందు" అంది. ఇంట్లో ఉన్న రెండు దుప్పట్లూ తెచ్చి పడేసింది. నర్సింగ్ అసిస్టెంట్ చొక్కా విప్పి అతన్ని వాటేసుకుని దుప్పట్లో దూరాడు. రెండో పక్క నేను. ఒళ్ళు రాయిలా చల్లగా ఉంది. ఆమె బెల్లం నీళ్ళు కాచి, మింగగలడని తేలేదాకా గిన్నె పట్టుకుని అక్కడే నిలబడింది.

పది నిమిషాలకి హవల్దారు వచ్చి నా చోట దూరాడు. నేను వాకిట్లో సెట్టు విప్పాను.

"ఒకరికి చలిదెబ్బ. ఆలస్యమవుతుంది. ఓవర్."

"మళ్ళీ చెప్పు. వడదెబ్బా? ఓవర్."

"చలిదెబ్బ. ఓవర్."

అవతలాయన మూడోసారి కూడా అడిగి రాసుకున్నాడు.

నలభై నిమిషాలకి మెకానిక్ మళ్ళీ వణకడం మొదలుపెట్టాడు. మంచమంతా ఊగింది. ఒక మనిషి వణుకుతుంటే సంతోషించడం నాకదే మొదలు. అతన్నీ నర్సింగ్ అసిస్టెంట్‌నీ అక్కడే ఉంచి మేమిద్దరం పైకెళ్ళాం. ఒంటిగంటా నలభైకి పైనుంచి మొదటి కబురు పంపాను.

నాలుగో రోజు నలుగురం దిగొచ్చాం. హవల్దారు రిపోర్టు రాస్తుంటే పక్కన నిలబడ్డాను.

"సార్, జాకెట్లు నా మాట మీదే వదిలేశాం. నాకు ఆ కొండ తెలీదు. తెలీదని చెప్పలేదు."

తలెత్తి చూశాడు. "మాట నీది. ఆర్డరు నాది" అని రాసుకోవడం మొదలుపెట్టాడు. ఏం రాశాడో నేను చూడలేదు.

మర్నాడు రెండు గంటలు అనుమతిస్తే ఇంటికెళ్ళి అన్నం తిని వచ్చాను. ఏడాది తర్వాత సర్వీసు వదిలేశాను. మెకానిక్ ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాడు. ఫోన్ చేస్తుంటాడు. ఆ పొద్దుట చెట్టు దగ్గర ఆగింది మొదలు తనకేమీ గుర్తులేదంటాడు.

నాకు గుర్తుంది. వాకిట్లో సెట్టు దగ్గర్నుంచి వెనక్కి తిరిగి చూస్తే, మంచం మీద అతని చేతులు దుప్పట్లోంచి బయటికొచ్చాయి. వేళ్ళు హ్యాండిల్ పట్టుకున్నట్టే బిగుసుకుని ఉన్నాయి. కుడి మణికట్టు మెల్లగా తిరుగుతోంది, ఆగుతోంది, మళ్ళీ తిరుగుతోంది. కళ్ళు నా వీపు మీదే. మంచం మీదనుంచి కూడా నా వెనకే బండి నడుపుతున్నాడు.