పేలాలు పోసిన కజిన్

ఆండిపట్టి బడిలో నేను ఇంగ్లీషు చెబుతాను. కజిన్ అనే మాటకు ఏటా అర్థం చెప్పక తప్పదు. పిన్ని కొడుకు, పెదనాన్న కూతురు, మేనమామ కొడుకు, మేనత్త కూతురు, అందరూ ఆ ఒక్క గంపలోకే. ఆ మాట లాటిన్‌లో పుట్టినప్పుడు ఇంత గందరగోళం లేదు. తల్లి అక్కచెల్లెళ్ళ పిల్లలకే ఆ పేరు; మన లెక్కలో వాళ్ళు అన్నదమ్ములే. మేనత్త మేనమామ పిల్లలకు వేరే మాట ఉండేది. ఇంగ్లీషు దొరలకు అంత ఓపిక లేకపోయింది. ఇదంతా బోర్డు మీద రాసి గొప్పగా చెబుతుంటాను.

మా అమ్మాయి కోయంబత్తూరులో తనతో పనిచేసే ఉత్తరాది కుర్రాణ్ణి చేసుకుంటానంది. బోడినాయకనూరులో ఏలకుల వ్యాపారం చేసే మా అన్నయ్య కొడుకు దానికి మేనమామ కొడుకు, స్వయానా బావ. వాడికే ఇస్తామని ఎవరూ ఒట్టేయలేదు గాని, అనుకోనివాళ్ళు మా ఇళ్ళలో లేరు. వాడూ అనుకున్నాడు. నిశ్చితార్థం నాడు అమ్మాయి వాణ్ణి మగపెళ్ళివారికి "మై కజిన్" అని చూపించింది. అబద్ధమేమీ కాదు. నాకు మాత్రం కలుక్కుమంది.

పెళ్ళి మదురైలో, మాట్టుతావణి దగ్గరి మండపంలో. హోమం ముందు పెళ్ళికూతురి దోసిట్లో పేలాలు పోయడానికి పురోహితుడు దాని అన్ననో తమ్ముణ్ణో పిలిచాడు. నాకు కొడుకులు లేరు. పోయాల్సిన మా చెల్లెలి కొడుకు బస్సు దిగి ఇంకా ఆటో వెతుక్కుంటున్నాడు. పెళ్ళికొడుకు తల్లి నవ్వుతూ నా మేనల్లుణ్ణి చూపించి, "కజిన్ బ్రదర్ ఉన్నాడు కదా!" అంది.

అన్నయ్య నా వైపు చూశాడు. వీడు బావ, ఈ పని వీడు చేయకూడదు అని నేనే చెప్పాలి. ఇంగ్లీషు చెప్పి జీతం తీసుకునేదాన్ని. కానీ ఎందుకు కూడదో చెప్పాలంటే వాడి ఆశను అందరి ముందూ విప్పి చూపించాలి.

"పరవాలేదత్తా, టైమైపోతాంది. నేనే పోస్తా" అని వాడే లేచాడు.

వాడు పోసిన పేలాలను మా అమ్మాయి అగ్నిలో వేసింది. సిగ్గుతో చచ్చిపోయాను. అన్నయ్య విస్తరి ముందు కూర్చోకుండానే బోడినాయకనూరు బస్సెక్కాడు.

వాడు మాత్రం చివరి పంక్తి దాకా వడ్డించాడు. పెళ్ళికూతురి అన్నకని మగపెళ్ళివారు పెట్టిన కొత్త బట్టలు చంకలో పెట్టుకుని, వెళ్ళొస్తానని చెప్పడానికి నా దగ్గరికి వచ్చాడు.

"తప్పైపాయె నాయనా" అన్నాను. తలెత్తి వాడి ముఖం చూడలేకపోయాను.

"ఏడవద్దత్తా. ఇంక మీ ఇంటికి నేనొస్తే ఎవురూ ఏమీ అనుకోరు" అన్నాడు. "చెల్లి ఇల్లే గదా."