సగంలో ఆగిన పెద్దమ్మ చెయ్యి

చిన్నప్పుడు మా పాల్మాకుల ఇంట్లో సాయంత్రమైతే చాలు... అమ్మ వంట ముగించి, కొంగుతో చేతులు తుడుచుకుని, ఫోన్ పట్టుకుని గోడలోని గూడు ముందు కూర్చునేది. ఒకప్పుడు దీపం పెట్టిన ఆ గూట్లోనే అప్పుడు నెట్ డబ్బా ఉండేది. దాని పక్కన కూర్చుంటేనే వీడియో కాల్‌లో బొమ్మ కాస్త నిలకడగా వస్తుందని మా నమ్మకం.

అవతల షోలాపూర్‌లో మా పెద్దమ్మ. అమ్మకు సొంత అక్క.

ఇద్దరికీ పుట్టుకతోనే వినపడదు... మాట రాదు. వాళ్ళ చిన్నతనంలో అలాంటి పిల్లలను బడికి పంపాలని ఊళ్ళో ఎవరికీ తోచలేదు. చదువు లేదు కాబట్టి రాసి పంపుకోవడమూ లేదు. బర్రెల వెంట తిరుగుతూ అక్కాచెల్లెళ్ళిద్దరూ చేతులతో తమకంటూ ఒక భాష చేసుకున్నారు. ముడిచిన వేళ్ళతో నుదురు తాకితే మా అమ్మమ్మ... ఆమెది పెద్ద బొట్టు. అవే వేళ్ళు ముక్కు పక్కన చేరిస్తే మా అమ్మ... ఆమెకు పసితనంలోనే ముక్కు కుట్టించారట. పెదాలకు చేరిస్తే, తిన్నావా అని.

పెద్దమ్మ పెళ్ళై షోలాపూర్ వెళ్ళాక ఏడాదికి ఒకసారి కలిసినప్పుడే వాళ్ళకు మాటలు. మా బాపు టాక్సీ నడిపేవాడు. ఎయిర్‌పోర్టు కిరాయిలు బాగా దొరికిన ఒక ఏడు పెద్ద ఫోన్ కొని, కేబులాయనతో ఇంటికి నెట్ పెట్టించాడు. సిమ్ములో వచ్చే నెట్ మా గల్లీలో అందేది కాదు. మొదటిసారి తెర మీద అక్క కనపడగానే అమ్మ ఆమె చెంపను వేలితో తడిమింది... ఆ రోజు మా అన్నాలు చల్లారిపోయాయి.

మాది ఎయిర్‌పోర్టు పక్క ఊరు. విమానం ఇంటి మీదుగా పోతుంటే మేమంతా మాటలు ఆపి, అది పోయాక అందుకునేవాళ్ళం. వాళ్ళిద్దరూ ఆపేవాళ్ళు కాదు.

వాళ్ళను ఆపింది నెట్ ఒక్కటే...

పొద్దు గూకి వాడకట్టంతా ఫోన్లు తెరిచేసరికి స్పీడ్ పడిపోయేది. పెద్దమ్మ ముఖం గళ్ళు గళ్ళుగా విడిపోయేది. మనకైతే బొమ్మ పోయినా గొంతు వినపడుతుంది, పని నడిచిపోతుంది. వాళ్ళకు బొమ్మ పోతే మాట పోయినట్టే. అందుకని అమ్మ తన చేతులను నెమ్మది చేసుకుంది. ఒక్కో సైగ చేసి, అలాగే పట్టుకుని, అవతల అక్క తల ఊపాకే ఇంకోటి.

బాపు కేబులాయనకు ఫోన్ చేస్తూనే ఉండేవాడు.

"అన్నా, మళ్ల పోయింది నెట్టు. జర చూడరాదే."

"రోడ్డు పని నడుస్తుందన్నా. ఆళ్లు తవ్వినప్పుడల్ల వైరు తెగుతుంది. నేనేం జెయ్యాలె?"

ఆ ఏడాది వానాకాలంలో పెద్దమ్మకు కడుపులో గడ్డ ఉందన్నారు. చిన్న ఆపరేషనే, పరేషాన్ అయ్యేదేం లేదన్నారు. మేము తెల్లారి బస్సుకు బయల్దేరాలి. ముందు రోజు సాయంత్రం దవాఖాన మంచం మీది నుంచి పెద్దమ్మ వీడియో కాల్ చేసింది. పెద్దనాన్న ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు.

అమ్మ, రేపు వస్తున్నామని సైగ చేసింది. పెద్దమ్మ తల ఊపింది. ఏదో చెప్పబోయింది... వేళ్ళు ముడుచుకుని కుడి చెయ్యి ఛాతీ దగ్గరి నుంచి పైకి లేచింది... మెడ దాకా వచ్చింది...

అక్కడే బొమ్మ ఆగిపోయింది.

బాపు డబ్బా ఆపి మళ్ళీ పెట్టాడు. కేబులాయన, వైరు తెగింది, తెల్లారి చూస్తానన్నాడు. అమ్మ ఆ కదలని బొమ్మ మీది నుంచి చూపు తిప్పలేదు. చివరికి బాపు మామూలు ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. పెద్దనాన్న గొంతు పక్కనే ఉన్నట్టు ఎంత స్పష్టంగా వినపడిందో...

"ఏందో చెప్తుంది బిడ్డా చేతులతోని. నాకు సమజైతలేదు. నీళ్లు అడుగుతున్నట్టుంది. నోట్లకు ఏం ఇయ్యొద్దన్నరు గదా... వద్దని చెప్తున్న."

నేను అది అమ్మకు సైగ చేసి చెప్పాను. అమ్మ అడ్డంగా తల ఊపింది. నీళ్ళకు వాళ్ళ సైగ వేరు.

మేము షోలాపూర్ చేరేసరికి ఆపరేషన్ అయిపోయింది. పెద్దమ్మ మళ్ళీ కళ్ళు తెరవలేదు. ఆ సాయంత్రమే పోయింది.

అమ్మ ఏడవలేదు... ముందు పెద్దనాన్న ఎదుట నిలబడింది. తన చెయ్యి ఛాతీ దగ్గరి నుంచి లేపి, మెడ దగ్గర ఆపి, కళ్ళతో అడిగింది. తర్వాత ఎటు పోయింది? నుదుటికా? ముక్కు దగ్గరికా? పెదాలకా?

అమ్మ ఏమడుగుతుందో నేను చెప్పాను. పెద్దనాన్న అడ్డంగా తల ఊపాడు.

"ఎన్ని తీర్ల చేతులు తిప్పిందో బిడ్డా... నీళ్లే అనుకున్న. యాడికి పోయిందో నేను చూడలే."

అప్పుడు ఏడ్చింది అమ్మ. పెద్దమ్మ రెండు చేతులూ తన ఒళ్ళో పెట్టుకుని... దవాఖానవాళ్ళు తీసుకుపోయేదాకా వదల్లేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు, చాటలో బియ్యం చెరుగుతూ, దండెం మీద బట్టలు ఆరేస్తూ అమ్మ మధ్యలో ఆగిపోయేది. తన చెయ్యి అలా లేపి చూసుకునేది. ఒకరోజు నుదుటి దాకా... ఒకరోజు ముక్కు దాకా. ఏది నమ్మిందో నాకు ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు మా పాల్మాకుల ఇంటికి కొత్త నెట్ లైన్ వచ్చింది. వానొచ్చినా, రోడ్డు తవ్వినా ఆగదు. నేను ఇప్పుడుండే అత్తాపూర్ నుంచి రోజూ వీడియో కాల్ చేస్తాను. అమ్మ కళ్ళ కింది ముడతలు కూడా కనపడతాయి. ఏం వండావు, మందులు వేసుకున్నావా, బర్రె ఈనిందా... నాకొచ్చిన సైగలు అంతలోనే అయిపోతాయి. అప్పుడప్పుడు అమ్మ నేనెప్పుడూ చూడని సైగ ఏదో చేస్తుంది. అర్థం కాలేదంటాను. ఏం లేదులే అన్నట్టు నవ్వి ఊరుకుంటుంది.

ఆ మాటలన్నీ తెలిసిన మనిషి ఒక్కతే ఉండేది...

మీ ఇంట్లోనూ ఒక్కరితోనే పోయిన మాటలు ఉన్నాయా? గుర్తున్నంత వరకు కింద రాయండి. అన్నీ చదువుతాను... వీలైతే అమ్మకూ చెప్తాను, నాకొచ్చిన కాసిని సైగల్లో.