కళ్లద్దాలు తుడిచే మనిషి

నీళ్లు లేవని చెప్పాల్సి వస్తే ఆయన ముందు కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచేవాడు.

బోరు పాయింట్లు చూసే జియాలజిస్టు. ఉద్యోగం మానేసి, పుట్టపర్తిలో సొంతంగా బోర్డు పెట్టుకున్న కొత్తలో మా చేనికి వచ్చాడు. నేలలో కడ్డీలు దిగ్గొట్టి, మిషను చూసి, అద్దాలు తుడిచాడు.

"ఈడ లేవన్నా. బోరు ఎయ్యొద్దు."

నాయన వినలేదు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్లు చూపే మనిషిని పిలిపించి వేయించాడు. దుమ్మే వచ్చింది. అయినా మా ఊళ్లో మళ్లీ ఎవరూ ఈయన్ని పిలవలేదు. లేవని చెప్పేవాడు ఎవరికి కావాలి?

మొన్న ముదిగుబ్బ దగ్గర మా మామ చేలో కనిపించాడు. కారులో వచ్చాడు. ఇప్పుడు రోజూ పిలుపులు వస్తున్నాయట. ఎండిపోతున్న చీనీ చెట్ల కోసం మామ గొర్రెలన్నీ అమ్మేసి, బోరు బండిని ముందే తెప్పించుకున్నాడు.

"యాడో ఒక చోట చూపించు సార్" అని మామ ఆయన చేతులు పట్టుకున్నాడు.

ఆయన మిషను చూశాడు. అద్దాలు తీసి చాలాసేపు తుడిచాడు. తర్వాత సంచిలోంచి టెంకాయ తీసి, అరచేతిలో పెట్టుకుని నడిచాడు. ఒక చోట అది లేచి నిలబడింది.

"ఈడ ఎయ్యండి."

మామ ఆ టెంకాయనే కొట్టి పూజ చేశాడు. ఆయన కారెక్కబోతుంటే నేను అడ్డం పోయాను.

"సార్, అద్దాలు తుడిచినారే?"

"లేవంటే ఇంకొకర్ని పిలుస్తారప్పా. బోరు మాత్రం ఆగదు."

వెనక బోరు బండి మొదలైంది. తెల్లని దుమ్ము లేచి మా ఇద్దరినీ కప్పేసింది. ఆయన కళ్లు కనిపించనంతగా అద్దాల మీద పేరుకుంది.

తుడుచుకోలేదు.