వేదికకు వీపు

మా బావ ఇరవై రెండేళ్లుగా పాటల కచేరీలకు వెళుతున్నాడు. ఒక్కటీ చూడలేదు. ఆయన ఉద్యోగం అలాంటిది. స్టేడియంలో వేదిక ముందు ఇనుప కంచె ఉంటుంది. దాని లోపల నల్ల చొక్కా వేసుకుని, వీపు వేదిక వైపు, మొహం జనం వైపు పెట్టి నిలబడాలి. వెనకాల ఎవరు పాడినా తిరిగి చూడకూడదు. తిరిగి చూసినవాడికి మర్నాడు డ్యూటీ ఉండదు. చెవుల్లో దూది కుక్కుకుని ఎనిమిది గంటలు అలా నిలబడి, ఇంటికొచ్చి, కాళ్లు గోడకు ఎత్తి పడుకుంటాడు. పలకరిస్తే "ఊఁ" అంటాడు. "నేను కట్టుకున్నది మనిషిని కాదురా తమ్ముడూ, గోడను" అంటుంది మా అక్క. నేను నవ్వేస్తాను గానీ నిజానికి అది నవ్వాల్సిన మాట కాదు.

కూతురు పుట్టిన రోజూ డ్యూటీయే, అది బళ్లో నాటకం వేసిన రోజూ డ్యూటీయే. పదేళ్లు వచ్చేసరికి ఆ పిల్ల తండ్రిని ఏదీ అడగడం మానేసింది. ఇప్పుడు దానికి పంతొమ్మిది, మందుల షాపులో పని. ఆ మధ్య ఎవరి నోట విన్నా ఒక ర్యాపర్ పేరే. కుర్రకారు 'మాటల మిషన్' అని పిలుచుకుంటారు. నాకైతే అతని పాట రేకుల మీద వడగళ్లు పడ్డట్టుంటుంది. నా మేనకోడలికి మాత్రం అతనంటే ప్రాణం. అతను మా నగరానికి వస్తున్నాడని తెలిసి మూడు టికెట్లు కొంది. "ఆ గోల నా వల్ల కాదు" అని అక్క తప్పుకుంటే మూడోది నాకొచ్చింది.

"నాన్నా, ఆ రోజు సెలవు పెట్టు. అతను వాళ్ల నాన్న మీద ఒక పాట పాడతాడు. నాలుగు నిమిషాలు. నా పక్కన నిలబడి మొత్తం చూడు, విను. ఇంకేం అడగను" అంది.

"ఊఁ."

"ఊఁ కాదు. మాటివ్వు."

ఇచ్చాడు.

మధ్యాహ్నం మూడింటికే గేటు దగ్గరున్నాం. పాపం, అలవాటు ఎక్కడికి పోతుంది? బావ తిన్నగా వెళ్లి కాపలావాళ్ల పక్కన నిలబడి, వెనకొస్తున్న ఒకాయన్ని "బ్యాగు తెరవండి" అన్నాడు. అక్కడి కాపలా మనిషి పగలబడి నవ్వి, "అన్నా, ఇవాళ నువ్వు అటువైపు!" అన్నాడు. నా మేనకోడలు కూడా నవ్వింది. అంతవరకూ బాగానే ఉంది.

లోపల మాకు కంచెకు దగ్గర్లోనే చోటు దొరికింది. బావ మాత్రం నిలకడగా ఉంటే ఒట్టు. రెండు నిమిషాలు వేదికను చూస్తాడు, మెల్లగా జనం వైపు తిరుగుతాడు. నా మేనకోడలు భుజం పట్టుకుని మళ్లీ వేదిక వైపు తిప్పుతుంది.

"ఏం బావా, మెడ పట్టేసిందా?" అన్నాను.

"జనం వెనకుంటే నాకు ఊపిరాడదురా" అన్నాడు. మొహం నిండా చెమట. "ఎవరు పడిపోతారో, ఎవరు నలిగిపోతారో. చూడకపోతే ఎలా?"

సెలవు రోజున కూడా ఆ మనిషికి సెలవు లేదు.

అంతలో ఆ పాట మొదలైంది. అరుపులు తగ్గాయి. నా మేనకోడలు తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుని, ఆ ర్యాపర్‌తో పాటు మాట పొల్లుపోకుండా పాడుతోంది. ఒక్క నిమిషం బావ బుద్ధిగానే నిలబడ్డాడు. తర్వాత చూద్దును కదా, వేల మంది ఒకవైపు చూస్తుంటే ఈయన ఒక్కడే వేదికకు వీపు పెట్టి ఉన్నాడు. ఈసారి అది ఆయన్ని తిప్పలేదు. చెయ్యి వదిలేసింది. నాకు ఆయన్ని నాలుగు చీవాట్లు పెట్టాలనిపించింది.

కచేరీ అయ్యాక బస్ స్టాపుకు బయల్దేరాం. బావ కుడి మోకాలు ఈడుస్తూ నడిచాడు. స్టాపులో అది నోరు విప్పింది.

"నాలుగు నిమిషాలు నాన్నా. ఇవాళ కూడా డ్యూటీయేనా?"

నేనైతే ఏదో ఒక అబద్ధం ఆడేవాణ్ణి. బావకు ఆ విద్య రాదు.

"అంత గబగబా అంటే నాకు అందలేదమ్మా" అన్నాడు. "మధ్యలో ఒకచోట నువ్వు పాడటం ఆపేశావు. కళ్లు తుడుచుకున్నావు. అక్కడ ఏమన్నాడు?"

అది తండ్రి వైపు చూస్తూ ఉండిపోయింది. నేనూ అంతే. ఆయన జనాన్ని చూస్తున్నాడనే అనుకున్నాం ఇద్దరం.

అది రాగం లేకుండా, ఒక్కొక్క మాటే చెప్పింది. "'మా నాన్న ఎంత పొడుగో నాకు తెలీదు. నేను చూసినప్పుడల్లా పడుకునే ఉన్నాడు.'"



బస్సు వచ్చింది. చాలా సీట్లు ఖాళీగా ఉన్నాయి. నేను కూలబడ్డాను. అది కిటికీ పక్కన కూర్చుని, "కూర్చో నాన్నా, కాళ్లు నొప్పులు కదా" అంది.

"పర్లేదు" అని బావ దాని సీటు పక్కన కడ్డీ పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. రెండు స్టాపులు దాటాక అది కూడా లేచి ఆయన పక్కన నిలబడింది.