వాగవతలి కంచం

మాది వెల్డింగ్ షాపు. గేట్లు, కిటికీ గ్రిల్స్, రేకుల షెడ్లు, ఏది చెప్పినా చేస్తాం. మా నాన్న ఈ అడవి పల్లెలన్నీ తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. ఆ పరిచయంతోనే ములకలపల్లి అవతల ఒక ఊరి బడి టీచరమ్మ నాకు కబురు చేసింది. ఊరి మొదట్లో బొమ్మ నిలబెట్టాలట. ఇప్పపూల గంప నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి, నిండు మనిషెత్తు. ఇంటికో పాత వస్తువు ఇవ్వాలి, అందరూ తలా ఒక చెయ్యి వెయ్యాలి, కొని తెచ్చింది ఏదీ ఉండకూడదు. నాకు నవ్వొచ్చింది. గేటు కావాలనేవాళ్లను చూశాను గాని, పాత సామానుతో మనిషి కావాలనేవాళ్లను చూడలేదు.

అయినా వెళ్లాను. అరిగిన కొడవళ్లు, సైకిల్ చెయిన్లు, నాగలి కర్రులు, అడుగు పోయిన గిన్నెలు వచ్చి పడ్డాయి. ఆడవాళ్లు తీగ మెలితిప్పి గిన్నెలు కట్టేవాళ్లు, మగవాళ్లు ఎత్తి పట్టుకునేవాళ్లు, నేను అతికించేవాడిని. "వదినా, నీ గంజు గిన్నె నడుముకు పెట్టిండు, అచ్చం నీ లెక్కనే ఉంది" అని ఒకరినొకరు ఆట పట్టించుకునేవాళ్లు. నాలుగో రోజుకు మనిషి నిలబడింది. మొహం ఒక్కటే లేదు.

మరునాడు సంత. ఊరంతా పోయింది. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. గంపకు వెదురు కోసుకొద్దామని వాగు దాటాను. అక్కడ ఒక చెట్టు కింద, ఆకుల్లో స్టీలు కంచం, చెంబు, గొడుగు ఊచలు పడి ఉన్నాయి. కంచం తుడిచి చూస్తే కొత్తదే. అంచున ఆడపిల్ల పేరు చెక్కి ఉంది. మా వైపు ఏ కంచం మీద పేరుండదు గనుక? నడిమధ్యన మేకుతో కొట్టినట్టు చిల్లి. నాకు సంబరమైంది. సన్నని స్టీలుకు వెల్డింగ్ రాడ్డు తగిలిస్తే కాలిపోతుంది, బోల్టు వేద్దామంటే డ్రిల్లు తేలేదు. ఎవరో నాకోసమే చిల్లి కొట్టి ఉంచారనుకున్నాను. తెచ్చి మెడ మీద బోల్టుతో బిగించాను. ఒకటే బోల్టు కావడంతో గాలి వచ్చినప్పుడల్లా మొహం కొంచెం అటూ ఇటూ తిరిగేది. ప్రాణం వచ్చినట్టుందని మురిసిపోయాను కూడా, బుద్ధి లేనివాణ్ణి.

పొద్దు వాలుతుండగా సంత నుంచి జనం వచ్చారు. ముందు నడిచేవాళ్లు ఉన్నట్టుండి ఆగిపోయారు. వెనకవాళ్లు వాళ్ల మీద పడబోయి వాళ్లూ ఆగారు. ఊరిపెద్ద నా దగ్గరకు వచ్చాడు.

"గిది యాడ తెచ్చినవ్ సాయిబూ?"

"వాగవతల, చెట్టు కింద."

"బొక్క చూడలే?"

"చూసిన తాతా. నాకు పని తప్పిందనుకున్న."

"బతికున్నోళ్ల కంచానికి బొక్క ఎవడన్న పెడ్తడా?"

అప్పుడు చెప్పాడు. చనిపోయినవాళ్ల వస్తువులకు చిల్లి పెట్టి, వాగు దాటించి వదిలేస్తారట. ఈ ఇంట్లో నీకిక తిండి లేదు, తిరిగి రాకు అని చెప్పడం అది. వాటిని ఎవరూ ముట్టరు. ఆ కంచం పోయిన వానల్లో జ్వరంతో చనిపోయిన పదిహేడేళ్ల పిల్లది. మా నాన్న ఉంటే నా చెంప పగలగొట్టేవాడు.

ఆ పిల్ల తల్లి గుంపులోంచి ముందుకు వచ్చింది. చేతిలో సంత సంచి అట్లాగే ఉంది. ఆమెకు చదువు రాదు, అయినా కంచం అంచు తడుముతూ పోయి ఆ అక్షరాల దగ్గర వేలు ఆపింది. సరిగ్గా అప్పుడే గాలి వీచింది. మొహం ఆమె వైపు తిరిగింది.

"అమ్మ సంత నుంచి ఎప్పుడొస్తదా అని చూస్తుంది," అని నవ్వింది.

తెల్లారి నేను లేచేసరికి ఆమె బొమ్మ ముందు కూర్చుని ఉంది. ఆకులో అన్నం ముద్ద. తాను తినలేదు. మాట్లాడుతోంది, మధ్యమధ్య జవాబు కోసం ఆగుతోంది, మళ్లీ మాట్లాడుతోంది.

"జల్దీ తియ్యి," అన్నాడు ఊరిపెద్ద. "గిట్లనే ఉంటే తల్లి గూడ దాని ఎంబడి పోతది."

తెచ్చినవాడే తిరిగి వదలాలన్నాడు. తల్లి వాగు దాకా రాకూడదు. పొద్దు గూకేదాకా ఆ ఇంటి తలుపు మూసి ఉంచాలి, లేకపోతే పోయిన మనిషి వదిలినవాడి వెంటే వచ్చి ఇల్లు చేరుతుంది.

నేను స్పానర్ పెట్టగానే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఒకపాలి పంపిన తమ్మీ. మల్ల పంపుడు నాతోని కాదు."

"తప్పు నాదే అక్కా," అన్నాను. చాలాసేపటికి చెయ్యి వదిలింది. అన్నం ముద్దను ఆకులో చుట్టి నాకిచ్చింది.

"గిది గూడ పెట్టు. నేనిచ్చిన్నని మాత్రం చెప్పకు. చెప్తే ఎంబడే వస్తది."

వాగులో మోకాలి లోతు నీళ్లు. చెట్టు కింద కంచం పెట్టి, అందులో ముద్ద పెట్టాను. ఇక వెనక్కి తిరిగి రావడమే. కానీ పదిహేడేళ్ల పిల్లకు అన్నం పెట్టి, ఒక్క మాటైనా అనకుండా ఎట్లా వస్తాను? "అమ్మ పంపింది, తిను తల్లీ" అనేశాను. అన్నాక గాని నేనేమన్నానో నాకు తెలియలేదు. గబగబా వాగు దాటుతుంటే వెనక నీళ్ల చప్పుడు. నా కాళ్లదే అయ్యుంటుందని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటాను. నేను ఒడ్డెక్కాక కూడా అది కాసేపు వినిపించింది.

ఊళ్లోకి వచ్చేసరికి ఆ తల్లి తన ఇంటి గుమ్మంలో నిలబడి ఉంది.

"చెప్పలే గదా?"

"లేదక్కా."

నా మొహంలోకి చూసింది. తర్వాత నా వెనక దారి వైపు చూసింది. లోపలికి వెళ్లి పొయ్యి రాజేసింది. తలుపు మాత్రం మూయలేదు.