వాకబు గారి రిజిస్టరు

వాకబు గారు వాకబు చేయకుండా దేన్నీ ముట్టుకోరు. ఆయన గురించి ఎవరైనా తెలుసుకోవలసిన మొదటి సంగతి ఇదే. ఆయన పనిచేసే సాఫ్ట్‌వేరు ఆఫీసులో చాలామందికి ఆయన గురించి తెలిసిన ఆఖరి సంగతి కూడా ఇదే. అసలు పేరు జీతాల విభాగంలో ఎక్కడో ఉండే ఉంటుంది. వాకబు అన్న పేరు మొదట చాటున పుట్టింది, ఆర్నెల్లకు ఎదుటికొచ్చింది, ఆ తర్వాత ఆయనే ఫోనెత్తి "వాకబుని మాట్లాడుతున్నాను" అనడం మొదలుపెట్టారు.

ఒకసారి లిఫ్టు బాగుచెయ్యడానికి మెకానిక్కు వచ్చాడు. వాకబు గారు వెళ్లి పక్కన నిలబడ్డారు.

"ఈ లిఫ్టుని మీరొక్కరే చూస్తారా?"

"ఒక్కణ్ణే సార్."

"మీకు జ్వరమొస్తే?"

మెకానిక్కు స్పానరు పక్కనపెట్టాడు. "మెట్లెక్కాలి సార్" అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి వాకబు గారు అయిదో అంతస్తుకి మెట్ల మీదే వస్తున్నారు. మెకానిక్కుకి ఇంకా జ్వరం రాలేదు కదండీ అంటే, వచ్చేలోపు అలవాటు చేసుకుంటున్నానంటారు.

ఇక ఉద్యోగం సంగతి. ఈ రోజుల్లో ఏ సాఫ్ట్‌వేరునీ ఎవరూ మొత్తం సొంతంగా రాయరు. ఎవరో ఊరూ పేరూ తెలియనివాళ్లు తీరిక చేసుకుని రాసి ఉచితంగా పెట్టిన ముక్కలు తెచ్చి అతికిస్తారు. వాటిని లైబ్రరీలంటారు. రక్తనిధుల కోసం ఆ ఆఫీసు చేస్తున్న ప్రాజెక్టులో అలాంటి లైబ్రరీలు నూట డెబ్భై మూడున్నాయి. వాటిలో ఏది లోపలికి రావాలన్నా, దేనికి కొత్త వెర్షన్ వెయ్యాలన్నా వాకబు గారు సరేననాలి. ఆయన సరేననాలంటే మూడు ప్రశ్నలు దాటాలి: వాళ్లెవరు, ఒక్కరేనా, ఈ మధ్య కనిపించారా. జవాబులన్నీ నీలం అట్ట ఉన్న ఒక పొడుగాటి రిజిస్టరులో చేత్తో రాస్తారు. ఇంతమంది ప్రోగ్రామర్లున్న ఆఫీసులో కలంతో రాసే మనిషి ఆయనొక్కరే.

గ్రాఫులు గీసే లైబ్రరీ ఒకటి కావాలని టీములో ఒకతను అడిగాడు.

"రెండు లక్షలమంది వాడుతున్నారండీ దీన్ని."

"వాడేవాళ్లు సరే. చేసేవాళ్లెంతమంది?"

"ఒక్కడే."

"అతనెలా ఉన్నాడు?"

"నాకెలా తెలుస్తుందండీ?"

"అడగలేదా మరి?"

వాకబు గారే ఉత్తరం రాశారు. జవాబు పదకొండు రోజులకొచ్చింది. పన్నెండో రోజున రిజిస్టరులో 'నడుం నొప్పి, కుర్చీ మార్చమన్నాను, ఇద్దరు స్నేహితులు సాయం ఉన్నారు, పరవాలేదు' అని ఎక్కింది. అప్పుడు గ్రాఫులు ప్రాజెక్టులోకి వచ్చాయి. ఇంకోసారి ఎవరో అంకె సరా బేసా అని చెప్పే లైబ్రరీ తెస్తే ఆయనకి నిజంగా కోపమొచ్చింది. "ఈ మాత్రం మనం చూసుకోలేమా? దీనికి కూడా ఒక మనిషిని ఇబ్బంది పెట్టాలా?" అని ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఈయన్ని భరించవలసిన మనిషి టీము లీడు. అందరూ లీడమ్మ అంటారు. ఆ ఆఫీసుకొచ్చి ఏడు నెలలయింది. ఉండేది ఒంటిగది వాటా. అందులో కుర్చీ ఒక్కటే కొంది, రెండోది కొనడానికి కారణమేదీ ఇంకా తటస్థపడలేదు. శనివారం సాయంత్రం తలుపు వేసుకుంటే సోమవారం పొద్దున దాకా మాట్లాడడానికి మనిషుండదు. ఆదివారం మధ్యాహ్నాలు గొంతు ఉందో లేదో చూసుకోవడానికి కుక్కరుని "ఇంకెన్ని విజిల్సే?" అని అడిగిన సందర్భాలున్నాయి. అందుకే సోమవారం ఆఫీసులో ఆమె మొదటి మాట బొంగురుగా వచ్చేది. అందరూ జలుబనుకునేవారు. ఆమె కూడా అవునని ముక్కు తుడుచుకునేది.

రోజూ పదకొండింటికి వాకబు గారు రిజిస్టరు చంకన పెట్టుకుని ఆమె బల్ల దగ్గరికొస్తారు.

"టిఫిన్ చేశారామ్మా?"

"చేశానండీ. పనేమైనా ఉందా?"

"లేదమ్మా. ఈ ఊళ్లో మీకెవరున్నారు?"

"ఎవరూ లేరండీ. ఎందుకు?"

"ఊరికే. సోమవారాలే జలుబు చేస్తుందేం మీకు?"

లీడమ్మకి ఒళ్లు మండిపోయేది. ఈయనకి లైబ్రరీలు చాలక మనుషుల కూపీ కూడా లాగుతున్నాడనుకునేది. అయినా, ఒకటిరెండు సార్లు ఆయన సెలవు పెట్టినప్పుడు పదకొండింటికి తల తానే పైకెత్తి చూసింది. చూసినందుకు తనమీద తనకే చిరాకేసింది.

ఆ వారం కొత్త విడుదలకి గడువు శుక్రవారం. సోమవారం డైరెక్టరు గారు లీడమ్మని గదిలోకి పిలిచారు.

"తారీఖుల లైబ్రరీకి కొత్త వెర్షనొచ్చి తొమ్మిది రోజులైంది. మనం ఇంకా పాతదాని మీదే ఉన్నాం. ఎందుకని?"

"వాకబు గారు ఇంకా..."

"వాకబు అవుతోందా? బాగుంది. శుక్రవారం నుంచి కొత్త వెర్షన్లన్నీ వాటంతటవే వచ్చిపడేటట్టు ఒక పనిముట్టు పెట్టిస్తున్నాను. దానికి ఎవరి నడుం నొప్పితోనూ పనిలేదు. ఆయన్ని కింద పాత కాగితాలు స్కాన్ చేసే గదికి పంపెయ్యండి. ఈ విడుదల గనక ఆగిందంటే లీడు కుర్చీలో ఇంకొకర్ని చూసుకుంటాను."

కుర్చీ మాటకి లీడమ్మకి ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ గుర్తొచ్చింది. ఇక్కడిది పోతే పదకొండింటికి పలకరించే మనిషి కూడా ఉండడు. అయినా తలూపి వచ్చేసింది.

వాకబు గారికి ఆ మాట చెప్పడానికి మంగళవారం దాకా ధైర్యం చాలలేదు. చెప్తే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"కింద గదికి వెళ్తానమ్మా, దానికేం. తారీఖుల పెద్దాయన సంగతి తేలేదాకా మాత్రం ఆగండి."

తారీఖుల పెద్దాయనంటే ఆ లైబ్రరీ రాసినాయన. ఎక్కడో ఒంటరిగా ఉంటాడు. రక్తం తీసిన రోజు నుంచి నలభై రెండో రోజు ఏదో, ఏ సంచీ ఎప్పుడు పనికిరాకుండా పోతుందో ఆయన రాసిన లెక్కే చెప్తుంది. పద్దెనిమిది ఆసుపత్రులు ఆ లెక్కని నమ్ముకుని ఉన్నాయి.

"కొత్త వెర్షన్ నేను చూశానండీ. పరీక్షలన్నీ పాసయ్యాయి. కోడు బాగానే ఉంది."

"కోడు బాగుందమ్మా. ఉత్తరమే బాగాలేదు."

రిజిస్టరు తెరిచి, అంటించిన కాగితం చూపించారు. రెండే ముక్కలు: 'నేను బాగున్నాను. మా లైబ్రరీ వాడుతున్నందుకు కృతజ్ఞతలు.'

"బాగానే ఉన్నానన్నాడు కదండీ."

"అదేనమ్మా నా బాధ. ఆరేళ్లనుంచి రాస్తున్నాడు నాకు, ఒక్కసారి కూడా బాగున్నానని రాయలేదు. మోకాళ్లయినా నొప్పి పుట్టాలి, కుండీలో టమాటాలకి పురుగైనా పట్టాలి. నాలుగు పేజీలకి తక్కువ రాసే మనిషి కాడు. రెండు నెలలుగా ఇలా రెండు ముక్కలే. నా టమాటా విత్తనాలు మొలిచాయా అని అడిగితే, కృతజ్ఞతలట."

లీడమ్మ నవ్వాపుకోలేకపోయింది. టమాటాల కోసం విడుదల ఆపుతున్నామని డైరెక్టరు గారికి ఏ ముఖం పెట్టుకుని చెప్పడం? చెప్పనూ లేదు. బుధవారం వాకబు గారు విత్తనాలు పంపిన చిరునామాని బట్టి నంబరు సంపాదించి ఆ పెద్దాయన ఇంటికి ఫోన్ చేస్తూ కూర్చున్నారు. ఎవరూ ఎత్తలేదు. గురువారం పొద్దున రిజిస్టరులో అయిదేళ్ల కిందటి పేజీ ఒకటి తీశారు. అందులో 'పక్కింట్లో కరెంటు పని చేసే అతను, మంచివాడు, నిచ్చెన అరువిస్తాడు' అని ఉంది, కింద నంబరుంది.

"పక్కింటివాళ్ల నంబరు కూడా రాసుకున్నారా?" అంది లీడమ్మ.

"ఆయనొక్కడే కదమ్మా."

కరెంటు పనివాడు మొదటి రింగుకే ఎత్తాడు. పెద్దాయన మోకాలికి ఆపరేషనయిందనీ, రెండు నెలలుగా కోలుకునేవాళ్లుండే చోటెక్కడో ఉన్నాడనీ చెప్పి, అక్కడి నంబరిచ్చాడు. పావుగంటలో స్పీకరులో ముసలిగొంతు వినిపించింది.

"ఎవరు?"

"వాకబుని. టమాటా విత్తనాలు పంపాను."

"మీరూ రాయడం మానేశారనుకున్నాను" అన్నాడు పెద్దాయన.

"మానలేదండీ. వారానికొకటి రాస్తూనే ఉన్నాను. జవాబులు కూడా వచ్చాయి."

"నేనొక్కటీ రాయలేదే."

సంగతి కొద్దికొద్దిగా బయటపడింది. ఏడాదిగా ఒక అపరిచితుడు చనువు చేసుకుని, మీకెందుకు శ్రమ, నేను చూసుకుంటానని రోజూ మంచిగా రాసేవాడట. ఆపరేషనుకి ముందు పెద్దాయన లైబ్రరీ తాళాలన్నీ, అంటే పాస్‌వర్డులన్నీ, ఈమెయిలు పెట్టెదానితో సహా, అతని చేతిలో పెట్టేశాడు. "అలసిపోయాను. ఎలా ఉన్నావని రోజూ అడిగేవాడు. మీరు వారానికొకసారే అడిగేవారు" అన్నాడు. ఆ మాటకి వాకబు గారి ముఖం చిన్నబోయింది.

లీడమ్మకి నవ్వు ఎప్పుడో ఎగిరిపోయింది. ఆ కొత్త వెర్షన్ ముందేసుకుని మళ్లీ మొదటి వరస నుంచి చదివింది. ఈసారి కోడే కాదు, దాన్ని పరీక్షించడానికి పెట్టిన ఫైళ్లు కూడా వదల్లేదు. ఎవరూ తెరిచి చూడని అలాంటి ఫైలు ఒకదాంట్లో దొంగతలుపు దొరికింది. ఆ వెర్షన్ వేసుకున్నవాళ్ల కంప్యూటర్లలోకి ఆ అపరిచితుడు ఎప్పుడు కావాలంటే అప్పుడు రావచ్చు. పద్దెనిమిది ఆసుపత్రుల తారీఖులు ఎటు కావాలంటే అటు తిప్పవచ్చు. మధ్యాహ్నానికి వాడేవాళ్లందరికీ హెచ్చరిక వెళ్లింది. సాయంత్రానికి లైబ్రరీలుంచే చోటివాళ్లు పెద్దాయన తాళాలు పెద్దాయనకి ఇప్పించారు.

శుక్రవారం పాత తారీఖుల లైబ్రరీ మీదే విడుదల జరిగిపోయింది. డైరెక్టరు గారు పనిముట్టు మాట మళ్లీ ఎత్తలేదు. బయటికొచ్చి వాకబు గారి చెయ్యి పట్టుకుని ఊపారు, లీడమ్మని పక్కకి పిలిచి, "ఈయన్నే పనిముట్టుగా మార్చడానికి వీలవుతుందేమో చూడండి" అన్నారు.

లీడమ్మ వాకబు గారి బల్ల దగ్గరికెళ్లింది. "మీకిదెలా అలవాటైందండీ?"

ఆయన కలం మూత తీశారు. "నేనూ ఒక లైబ్రరీ రాశానమ్మా, చిన్నదే. తొమ్మిదేళ్లు చూసుకున్నాను. నలభై వేలమంది వాడేవారు. ఉత్తరాలన్నీ ఒకటే మాట, పనిచెయ్యడం లేదని. మా ఆవిడ పోయిన వారం పదహారొచ్చాయి. అవీ పనిచెయ్యడం లేదనే." కలం మూత పెట్టేశారు. "ఎలా ఉన్నావని పదిహేడోది ఒక్కటొస్తే బాగుండుననిపించింది. రాలేదు. పోనీ నేనే రాద్దామనుకున్నాను, అందరికీ."

లీడమ్మ పెద్దాయన పేజీకి ఫొటో తీసుకుంటానని రిజిస్టరు అడిగి పట్టుకెళ్లింది. ఆయన ఇవ్వడానికి కొంచెం తటపటాయించారు, ఎందుకో ఆమెకి అప్పుడు అర్థం కాలేదు. పేజీలు తిప్పితే నూట డెబ్భై మూడు వరసల తర్వాత నూట డెబ్భై నాలుగోది కూడా ఉంది.

'లీడమ్మ. ఒక్కరే. తోడు లేరు (అడిగాను). ఆధారపడినవి: ప్రాజెక్టు మొత్తం. బదులు: దొరకరు. పలకరించవలసింది: రోజూ, పదకొండింటికి. ఎలా ఉన్నారు: సోమవారాలు జలుబు. జలుబు కాదనుకుంటాను. ఆదివారాలు ఎవరితో మాట్లాడతారో కనుక్కోవాలి.'

లీడమ్మ ఆ వరస రెండుసార్లు చదివి, వాష్‌రూముకెళ్లి ముఖం కడుక్కుని వచ్చింది. కలం అరువు తెచ్చుకుని కింద నూట డెబ్భై అయిదో వరసలో 'వాకబు గారు. ఒక్కరే' అని రాసింది. ఆ తర్వాతి గళ్లన్నీ ఖాళీ. ఏడు నెలల్లో ఆయన్ని ఎలా ఉన్నారని తాను ఒక్కసారి కూడా అడగలేదు. రిజిస్టరు చంకన పెట్టుకుని మళ్లీ వెళ్లింది.

"భోంచేశారా అండీ?"

వాకబు గారు కళ్లజోడు సర్దుకుని అనుమానంగా చూశారు. "ఎందుకమ్మా?"

"ఊరికే. ఆదివారం ఏం చేస్తున్నారు?"

"ఏముందమ్మా, ఉత్తరాలు రాసుకుంటాను."

"మా ఇంట్లో కూర్చుని రాసుకోండి. వంట చేస్తాను."

ఆయన "ఎన్నో అంతస్తు? లిఫ్టెవరు చూస్తారు?" అని అడిగారు. మూడో అంతస్తనీ, లిఫ్టే లేదనీ చెప్తే వస్తానన్నారు.

శనివారం లీడమ్మ రెండో కుర్చీ కొనడానికి వెళ్లింది. కొట్టతను నాలుగు రకాలు చూపించాడు. ఒకటి నచ్చింది. చేతులున్నది, నడుముకి ఆనుడు బాగుంది. దాన్ని నాలుగు వైపులా తిప్పి చూసి అడిగింది.

"దీన్ని చేసినవాళ్లెవరండీ?"

"మా వడ్రంగి."

"ఒక్కరేనా? ఈ మధ్య కనిపించారా?"

కొట్టతను ఆమెని ఎగాదిగా చూశాడు. "నిన్ననే వచ్చాడమ్మా, బానే ఉన్నాడు. కుర్చీకి ఇంత వాకబేంటి?"

"ఇందులో కూర్చోబోయే ఆయనకి జవాబు చెప్పుకోవాలండీ" అని లీడమ్మ కుర్చీని భుజానికెత్తుకుంది.