అన్న చదవలేని పేజీ

పోయిన వారం మా అన్న కూతురు నన్ను వెంటబెట్టుకుని గుడియాత్తం నుంచి వేలూరు వెళ్లింది. అన్న పోయి ఐదు నెలలైంది, లుంగీల కొట్టు ఇప్పుడు ఆమే చూసుకుంటోంది. పాత వెబ్‌సైట్ ఫోనులో సరిగా తెరుచుకోవడం లేదని, కొత్తది ఎవరితో చేయించాలో తేల్చుకునేటప్పుడు నేను పక్కన ఉండాలని ఆమె పట్టు. రెండో ఆఫీసులో కూర్చున్నాయన తెలుగు పేజీ కూడా కావాలా అని అడిగాడు. ఆమె నా వైపు చూసింది. తర్వాత చెబుతామని లేచి వచ్చేశాను.

ఆ పాత వెబ్‌సైట్ పెట్టి పదిహేనేళ్లు అయి ఉంటుంది. మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో అది కొట్టు ముందర బోర్డు రాయించుకోవడం లాంటి పనే అనుకునేవాళ్లం. మా సరుకు ఎక్కువగా చిత్తూరు, పుంగనూరు, మదనపల్లె వైపు పోయేది గనుక తెలుగులో ఒక పేజీ ఉండాలని అన్న ఆశపడ్డాడు. మా ఇంట్లో అందరం మాట్లాడేది తెలుగే, ఉండేది తమిళనాడు గనుక చదువులు మాత్రం తమిళంలో. చిత్తూరులో మేనమామ ఇంట ఉండి చదువుకున్నందువల్ల నాకొక్కడికే తెలుగు అక్షరాలు వచ్చు. అన్న ఆ వయసుకే నాన్న పక్కన కొట్లో కూర్చున్నాడు.

ఎవరికైనా కొత్తగా నూలు ఇచ్చే ముందు ఆ నేతగాడి ఇంటికి చెప్పకుండా వెళ్లి, మగ్గం మీది గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూసి, పక్కింట్లో రెండు మాటలు అడిగి వచ్చే మనిషి మా అన్న. వెబ్‌సైట్ చేసేవాళ్లనూ అలాగే చూస్తాడనుకున్నాను. మొదట వేలూరు శివారున తొరపాడికి వెళ్లాం. మందుల షాపు మీద ఒక చిన్న గదిలో ఒకామె తానే అన్ని పనులూ చేసుకునేది. మా లుంగీలు ఎవరు కొంటారు, ఫోను చేసినవాళ్లు మొట్టమొదట ఏమడుగుతారు అని అడిగి రాసుకుంది. తనకు తెలుగు రాదని, ఆ పేజీని మీరే చదివి సంతకం పెడితే తప్ప ఎక్కించనని చెప్పి, “మీరు చదువుతారు గదా సార్?” అని అన్నను అడిగింది. అన్న గోడకున్న క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాడు. రెండోది వేలూరు ఊరి మధ్యన ఏసీ ఆఫీసు. అక్కడున్నాయన ఏమీ అడగలేదు. కాఫీ ఇప్పించాడు, మా పిన్నమ్మ కొడుకు కల్యాణ మండపానికి తాను చేసిన వెబ్‌సైట్ చూపించాడు, మెట్ల దాకా వచ్చి సాగనంపాడు.

బస్సులో అన్న ఆయనకే ఇద్దామన్నాడు. తొరపాడి ఆమెకు పని తెలుసని నేనన్నాను.

“ఇన్ని ప్రశ్నలేసేది పని రానోళ్లేరా. ఈయన మనకు తెలిసినోడు. నాలుగక్షరాలు వచ్చినాయని అన్నిటికీ వంకలు పెట్టొద్దు” అన్నాడు. ఆ మాట నాకు తగిలింది.

నెల తర్వాత అన్న ఒక కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. తెలుగు పేజీని అచ్చు తీసి పంపారట. “చదివి చెప్పురా, యాడన్నా తప్పుండాదేమో.” నేను పేపర్లోంచి తల ఎత్తకుండానే, “నీకు నచ్చినోళ్లే గదన్నా, వాళ్లనే అడుగు” అన్నాను. కాసేపు నిలబడి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మరునాడు సరేనని వాళ్లకు చెప్పేశాడు.

ఇంతవరకే అయితే కోపంలో జరిగిందని సరిపెట్టుకునేవాణ్ణి. వారం తర్వాత ఆ పేజీ నేను చూశాను. మా లుంగీల బొమ్మల కింద కల్యాణ మండపం రాతలే ఉన్నాయి. పెళ్లికూతురు వాళ్లకు వేరే గదులు, ఒకేసారి మూడు వందల మందికి భోజనాలు, కార్లు నిలుపుకోవడానికి చోటు. ఆ మండపం పేజీనే తీసుకుని బొమ్మలు మాత్రం మార్చి వదిలేశారు. చూసి, మూసేశాను. అన్నకే తెలియనీ అనుకున్నాను. అన్న కొట్టుకు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ పేజీ తెరిచి చూపించేవాడు, వాళ్లకూ తెలుగు చదవడం రాదు, నేను పక్కనే ఉండేవాణ్ణి. అలా ఎనిమిది నెలలు గడిచాయి.

చివరకు మదనపల్లె వ్యాపారి ఒకాయన ఫోను చేశాడు. కొట్లో నేతవాళ్లు నలుగురున్నారు, ఫోను స్పీకర్లో ఉంది. “ఏమన్నా, లుంగీ కొంటే భోజనాలు గూడా పెడ్తావంటనే? మా ఇంట్లో పెళ్లుండాది, మూడు వందల మందిమి వస్తాము, ఆకులేయించు” అన్నాడాయన. అందరితోపాటు అన్న కూడా నవ్వాడు. వాళ్లంతా వెళ్లాక నన్ను పిలిచి చదివించుకున్నాడు. నేను మొదటిసారి చూస్తున్నట్టే చదివాను.

“నా భాష నేను సదవలేనని ఆ తొరపాడి పిల్లకు చెప్పేదానికి సిగ్గయిందిరా. ఈయనైతే ఏమీ అడగలే” అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ పేజీ తీసేయించాడు. ఆ తర్వాత ఆంధ్రా నుంచి కాగితం ఏదొచ్చినా ఎదురు కొట్టు ఆయనతో చదివించుకున్నాడు గాని, నా దగ్గరికి మళ్లీ తేలేదు. ముందే చూశానని చెప్పాలనుకుంటూనే ఉన్నాను. ఆసుపత్రిలో పదకొండు రోజులు పక్కనే కూర్చుని కూడా చెప్పలేకపోయాను.

అన్న కూతురు చివరకు పోయిన వారం మేం చూసినవాటిలో మొదటి ఆఫీసుకే పని ఇచ్చింది, తెలుగు పేజీ కూడా రాయించింది. నిన్న దాని అచ్చు కాగితాన్ని తన ఫోను కెమెరాకు చూపిస్తే ఫోనే గట్టిగా చదివి వినిపించింది. “చిన్నాయనా, అంతా సరిగ్గానే ఉండాది గదా?” అంది. ఉందన్నాను. ఇప్పుడు ఒకరి ముందు కాగితం పట్టుకుని నిలబడే పని ఎవరికీ లేదు. మంచిదే. అన్నకు ఆ రోజుల్లో ఆ వీలు లేదు.

ఇంట్లో ఎవరూ చదవలేరన్న ధైర్యంతోనే ఇదంతా తెలుగులో రాయడం మొదలుపెట్టాను. ఆ ధైర్యానికి ఇక అర్థం లేదు. ఈ కాగితాలు అన్న కూతురి కంటబడితే ఫోను ఒక్క అక్షరం వదలకుండా చదివిపెడుతుంది. దాచిపెట్టాలని మాత్రం అనిపించడం లేదు.